పడమటి పేటల పండుగ



నిత్యము విందు లారగించువానికి పాయసము రుచింపదు. కఱవు దాఁటినవానికి గంజియు నమృతమే. ఈ మాట గెలుపునకును జెల్లును. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ నగరమునకుఁ బడమటనున్న ఫుట్స్‌క్రే పేటవారు 2016వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీని 62 ఏండ్ల కఱవు దాఁటిరి. వారు గెలిచినది రాజ్యము గాదు, ధనము గాదు, ఒక బంతియాట. “బంతియాటకై యింత సంబర మేల? సంసారమున కందువలన నొరుగున దేమి?” అని మీలోఁ గొందఱు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆ కథ విన్నపిమ్మట సమాధానము మీకే తోఁచఁగలదు.

మొదట నాటనుగూర్చి రెండు మాటలు. మనవారు ఫుట్‌బాలని పిలుచు నాట వేఱు, ఇది వేఱు. క్రికెట్ ఆటగాండ్రకు శీతకాలమున శరీరవ్యాయామ ముండవలెనని టామ్ విల్స్ మున్నగువారు తలపెట్టఁగా, 1859వ సంవత్సరమున మెల్బోర్న్‌లో దీని నియమములు వ్రాయఁబడెను. మైదానము గ్రుడ్డువలెఁ గోలగా నుండును. బంతియుఁ గోలగనే యుండును. ఒక్కొక్క పక్షమున 18 మంది యాడుదురు. రెండు కొనలయందును నాలుగేసి స్తంభములు పాఁతఁబడి యుండును. కాలితోఁ దన్నిన బంతి నడిమి రెండు స్తంభములనడుమఁ బోయినచో 6 అంకెలు, ప్రక్క స్తంభముల నడుమఁ బోయినచో 1 అంకె. బంతిని బిడికిటితోఁ గొట్టి తోడివాని కందింపవచ్చును గాని చేతితో విసరరాదు. ఎదుటివాని భుజములపై కెగిరి యాకాశమున బంతి నందుకొనుట యీ యాటలో మిక్కిలి మెచ్చఁదగిన విద్య.

ఫుట్స్‌క్రే కర్మాగారములును, రాతిగనులును, తోళ్లు పదునుపెట్టు చోట్లును గల శ్రామికుల పేటగాఁ బెరిగినది. ఆ పేట జట్టు 1925వ సంవత్సరమున విక్టోరియా రాష్ట్రపు ప్రధాన సమితిలోఁ జేరెను. ఎఱుపు, తెలుపు, నీలము దాని రంగులు. బుల్‌డాగు శునకము దాని గుఱుతు. 1954లో మెల్బోర్న్ జట్టును 51 అంకెల తేడాతో నోడించి మొదటి కప్పును గెలిచెను. ఆ తరువాత గెలుపు ముఖము చాటువేసినది. 1961లోఁ దుదిపోరు చేరి యోడిరి. 1997లోఁ దుదిపోరునకు ముందటి మెట్టున రెండే రెండంకెల తేడాతో నోడిరి. 2008, 2009, 2010 వరుసగా మూఁడేండ్లు నదే మెట్టున జాఱిపడిరి. 1954లో పదేండ్ల పిల్లయై తండ్రి చేయి పట్టుకొని యాట చూచినది 2016 నాఁటికి 72 ఏండ్ల వృద్ధురాలు. ఆమె యెన్ని శీతకాలములు కంటనీరుతో నింటికి మరలినదో లెక్కించుకొనుఁడు.

ఓటమికంటెను ఘోరమైన యాపద 1989లో వచ్చెను. జట్టు అప్పులలో మునిఁగియున్నదని, దానిని ఫిట్జ్‌రాయ్ జట్టుతోఁ గలిపివేయుదుమని సమితి పెద్దలు నిర్ణయించిరి. పేరు, రంగులు, మైదానము సమస్తమును పోవలసిన గడియ యది. అప్పుడు పీటర్ గోర్డన్ అను న్యాయవాది ముందునకు వచ్చెను. సామాన్య గృహిణియగు నొక యభిమాని న్యాయస్థానము నాశ్రయించి కొన్ని వారముల గడువు సంపాదించెను. ఆ స్వల్పకాలములోఁ బేటవా రిల్లిల్లు దిరిగి డబ్బాలలో నాణెములు గూర్చిరి. పనివాండ్రు తమ కూలినుండి, ముసలివారు తమ పింఛనునుండి యిచ్చిరి. జట్టు బ్రదికెను. ఫిట్జ్‌రాయ్ జట్టు కా భాగ్యము పట్టలేదు. 1996లో నది దూరపు బ్రిస్బేన్ నగరపు జట్టులోఁ గలిసిపోయెను. కావున ఫుట్స్‌క్రేవారి జట్టు వారికిఁ బెద్ద లిచ్చిన యాస్తి మాత్రమే గాదు, చావు తప్పించి తెచ్చుకొన్న బిడ్డయు నైనది. 1997 నుండి దీనికి వెస్టర్న్ బుల్‌డాగ్స్ అని పేరు.

2016వ సంవత్సరపు కథ మొదటనే యపశకునముతో నారంభమైనది. 2000వ సంవత్సరమునుండి యాడుచు, జట్టునకుఁ బ్రాణమువంటి నాయకుఁడైన బాబ్ మర్ఫీ మూఁడవ యాటలోనే మోకాలు చెడి యా యేఁటికిఁ దప్పుకొనెను. ఈస్టన్ వుడ్ ఆయన స్థానమున నిలిచెను. 18 జట్లలో వీరు ఏడవవారైరి. ఏడవ స్థానమునుండి కప్పు గెలిచిన జట్టు అంతకుమునుపు లేదు. అయినను దూరపు పెర్త్ నగరమున నొక గెలుపు, వరుసగా మూఁడేండ్లు కప్పు గెలిచియున్న హాథార్న్‌పై నొక గెలుపు, సిడ్నీలో 6 అంకెల తేడాతో వేఱొక గెలుపు లభించెను. ఆ మూఁడవ యాటకై యభిమానులు వేలకొలఁది మెల్బోర్న్ నుండి సిడ్నీకిఁ బయనమై పోయిరి.

తుదిపోరు మెల్బోర్న్ క్రికెట్ మైదానమున, 99,981 మంది యెదుట జరిగెను. ఎదుటి పక్షము సిడ్నీ జట్టు. దాని పూర్వకథయుఁ జెప్పవలయును. అది 1982 వఱకు మెల్బోర్న్ దక్షిణపు పేటల జట్టే. ధనము చాలక పుట్టినిల్లు విడిచి పరదేశము చేరిన జట్టది. డేల్ మారిస్ అను యోధుఁడు వెన్నెముకలోఁ బగుళ్లతోనే యాడెనని పిమ్మటఁ దెలియవచ్చెను. అతఁడే యాట చివర సిడ్నీ మేటివాని నొడిసిపట్టఁగా బంతి జాఱెను. టామ్ బాయ్డ్ దాని నందుకొని దవ్వునుండి తన్నెను. పెద్ద జీతమునకుఁ దగఁడని పలువురు నిందించిన యువకుఁడు బాయ్డ్. ఆ బంతి నేలపై దొరలుచు నడిమి స్తంభములనడుమ దూఱినప్పుడు మైదానము దద్దఱిల్లెను. బుల్‌డాగ్స్ 89, సిడ్నీ 67.

బహుమతి వేళ నొక సన్నివేశము జరిగెను. శిక్షకుఁడు లూక్ బెవెరిడ్జ్ తనకు లభించిన పతకమును దానుంచుకొనక, గాయపడి యాడలేకపోయిన మర్ఫీని వేదికపైకిఁ బిలిచి యాతని మెడలో వేసెను. వుడ్ తానొక్కఁడే కప్పు నెత్తక మర్ఫీనిఁ గూడ నెత్తనిచ్చెను. పాదుకలను సింహాసనమునం దుంచి రాజ్యమేలిన భరతుని కథ మన మెఱుఁగుదుము. స్థాన మలంకరించినవాఁడు దాని సొంతవానిని మఱవకుండుట యే దేశమునందైనఁ బెద్దతనమే.

ఆ రాత్రియు మఱునాఁడును ఫుట్స్‌క్రే వీధులు, విటెన్ ఓవల్ అను పాత మైదానము మూఁడు రంగుల వస్త్రములతో నిండిపోయెను. ఎఱుఁగనివా రెఱుఁగనివారిని గౌఁగిలించుకొనిరి. ముసలివారు పాట పాడఁబోయి గొంతు పెగలక యేడ్చిరి. ఈ దినము చూడక కన్నుమూసిన తలిదండ్రులను దలఁచుకొన్నవారు పెక్కుమంది. అట్టి గెలుపు చేతికి వచ్చినపుడు బ్రదికియున్నవా రొక్కరే దాని ననుభవింపరు.

ఇందు స్త్రీల పాత్ర యెట్టిదో వినుఁడు. ఆ నగరమున నీ యాట చూచు జనములోఁ దొలినాళ్లనుండియు స్త్రీలు మెండు. జట్టుపై నభిమానము తల్లినుండియో తండ్రినుండియో సంక్రమించును, మనలో గోత్ర మడిగినట్లు అచటఁ గ్రొత్తవారిని “మీ దే జట్టు?” అని యడుగుదురు. ఆటకు ముందు జట్టువారు చీల్చుకొని పరుగెత్తుటకై యభిమానులు పలుచని రంగు కాగితముల నతికి మేడయంత తెఱ గట్టుదురు. గంటలకొలఁది పని, చిరుఁగుట క్షణము. ప్రాతఃకాలమునఁ బెట్టిన ముగ్గు ప్రొద్దెక్కకమునుపే త్రొక్కుడు పడునని యెఱిఁగియు మఱునాఁడు మరలఁ బెట్టు మనకు వారి శ్రమ వింతగాఁ దోఁపదు.

స్త్రీలు చూపరులుగనే నిలిచిపోలేదు. ఈ జట్టునకు నుపాధ్యక్షురాలుగా నుండిన సూసన్ ఆల్బర్టి స్త్రీల యాటకై ధనమును గాలమును వెచ్చించెను. 2013లో బుల్‌డాగ్స్, మెల్బోర్న్ స్త్రీల జట్లు పెద్ద మైదానమున నాడిచూపెను. 2017లో స్త్రీలకుఁ బ్రత్యేక పోటీ యేర్పడెను. మఱు సంవత్సరమే బుల్‌డాగ్స్ వనితలు దాని కప్పును గెలిచిరి. వారికి 62 ఏండ్లు వేచియుండు నవసరము గలుగలేదు.

టార్నీట్, పాయింట్ కుక్ మున్నగు నా పడమటి పేటలయందు నేఁడు తెలుఁగు కుటుంబములును బెక్కు గలవు. బడికిఁ బోయిన పిల్లవాఁడు “అమ్మా, మన జట్టేది?” అని యడిగినచోఁ దల్లి చెప్పఁదగిన కథ యిది.

గెలుపు నిలుకడ లేనిదని చెప్పుట మఱవరాదు. 2017లో బుల్‌డాగ్స్ మొదటి యెనమండ్రలోఁ జేరలేకపోయిరి. 2021 తుదిపోరులో మెల్బోర్న్ చేతిలో 74 అంకెల తేడాతో నోడిరి. ఆ నాఁడు 57 ఏండ్ల కఱవు తీఱినది మెల్బోర్న్ వారికి. ఒకరి యింటఁ బండుగ మఱియొకరి యింట మౌనము. అయినను మఱుసటి ఋతువున నా యభిమానులు తమ రంగుల మఫ్లర్లు చుట్టుకొని మైదానమునకుఁ బోయిరి.

సంసారమున కందువలన నొరుగున దేమని మొదట నడిగితిమి గదా. ఫలితము వచ్చునో రాదో తెలియని చోటఁ బ్రేమను దప్పింపకుండుట యెట్లో యా పడమటి పేటవారు 62 ఏండ్లు తమ బిడ్డలకు నేర్పిరి. పరీక్షలోఁ దప్పిన కుమారుని, పంట పోయిన భర్తను, మంచముపట్టిన యత్తను విడువక కనిపెట్టుకొని యుండు గృహిణి కా విద్య క్రొత్తది గాదు. అట్టి యింటికి మంచిదినము వచ్చిననాఁడు తలుపు మూసికొనక, ఇరుగుపొరుగు వారిని బిలిచి, వారివలెనే మనసార నానందింపుఁడు. ఓర్చుకొన్నంత కాలమును దోడుగా నున్నవారికి సంతోషములోఁ బా లీయకుండుట ధర్మము గాదు.