రెండు ప్లైవుడ్ షీట్ల పడవ

తెలంగాణలోని జైనూర్ చుట్టూ ఉన్నది టేకు అడవి. పడవకు టేకును మించిన కర్ర అరుదు. అందులోని సహజమైన నూనె చెదను, పుచ్చును దగ్గరకు రానివ్వదు. తడిసి ఎండినా అది పెద్దగా వంకర పోదు. 1817లో బొంబాయిలో మలబారు టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇంగ్లండులోని హార్టల్‌పూల్‌లో ఇప్పటికీ నీళ్ళమీదే ఉంది. కానీ పిల్లలకోసం ఇంట్లోనే కట్టుకోగలిగిన తెరచాప పడవను మనకిచ్చింది టేకు కాదు, ప్లైవుడ్.

కర్ర నీళ్ళు తాగితే నారకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు ఉబ్బదు. పలచటి పొరల్ని ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా అంటిస్తే ఏ పొర ఉబ్బబోయినా పక్క పొర పట్టి ఆపుతుంది. 1930ల మధ్యలో నీటికి వీడని రెసిన్ జిగురు రావడంతో ఈ ప్లైవుడ్ పలక పడవలకూ పనికొచ్చింది.

1947లో అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలోని క్లియర్‌వాటర్ అనే ఊళ్ళో క్లిఫర్డ్ మెకే అనే ఆయన ఆప్టిమిస్ట్ క్లబ్ అనే సేవా సంఘం ముందు ఒక కోరిక పెట్టాడు. పిల్లలు సొంతంగా బండ్లు చేసుకుని పందేలు ఆడుతున్నారు, వాళ్ళకు పడవ కూడా అలాగే ఉండాలి, ఖర్చు 50 డాలర్లు దాటకూడదు. పని పడవలు కట్టే క్లార్క్ మిల్స్ చేతికి వచ్చింది. బజారులో దొరికే ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. రెండు షీట్లలో పని ముగియాలి. అంత పొట్టి పడవకు సూదిగా మొన తీస్తే కూర్చునే చోటు పోతుంది. అందుకే మిల్స్ ముందు కొసను అడ్డంగా కోసేసి, అక్కడొక పలక బిగించాడు. ఆ మొండి ముక్కు చూసి నవ్వేవాళ్ళుంటారు. నా మటుకు ఆ పడవలో అన్నిటికంటే తెలివైన చోటు అదే.

ఆ పడవే ఆప్టిమిస్ట్. పొడవు 2.36 మీటర్లు, బరువు 35 కిలోలు, తెరచాప 3.3 చదరపు మీటర్లు. తెరచాప పై మూలను ఏటవాలు కర్ర ఒకటి ఎత్తిపట్టుకుంటుంది కాబట్టి స్తంభం పొట్టిగా ఉన్నా సరిపోతుంది.

అసలు విశేషం పడవ మధ్య గాడిలోంచి నీళ్ళలోకి దించే పలకది. గాలి ఏటవాలుగా తగిలినప్పుడు వంపు తిరిగిన తెరచాప విమానం రెక్కలా పనిచేసి పడవను కొంత ముందుకు, ఎక్కువగా పక్కకు లాగుతుంది. పక్కకు జరగకుండా ఆ పలక అడ్డుకుంటుంది. మిగిలేది ముందుకు నడక. గాలి వచ్చే దిక్కుకు నేరుగా పోలేదు గానీ, దాదాపు 45 డిగ్రీల కోణంలో కుడికీ ఎడమకీ మలుపులు తిరుగుతూ ఎదురుగాలిలోనూ గమ్యం చేరుతుంది.

1954లో ఆక్సెల్ డామ్‌గార్డ్ దీన్ని డెన్మార్క్‌కు తీసుకెళ్ళాడు. అక్కడినుంచి లోకమంతా పాకింది. మన హైదరాబాదులో, 1562 నాటి హుస్సేన్‌సాగర్‌లో 15 ఏళ్ళలోపు పిల్లలు వీటిమీదే తెరచాప పట్టడం నేర్చుకుంటున్నారు. నైరుతి గాలులు బలంగా వీచే జూలైలో అక్కడ పందేలు సాగుతాయి. పందేల పడవలు ఇప్పుడు ఎక్కువగా ఫైబర్‌గ్లాసువి. పడవలన్నీ ఒకే కొలతకు ఉంటాయి కనుక డబ్బున్న ఇంటి పిల్లలకు వేగమైన పడవ దొరికే వీల్లేదు. ఈ నియమం నాకు చాలా నచ్చింది.

నేర్చుకోవడానికి మాత్రం చెక్క పడవే చాలు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ ఈనాటికీ అదే 8 అడుగుల షీటులో వస్తుంది. చుక్కానికి, నీళ్ళలోకి దించే పలకకు టేకు వాడితే ఏళ్ళ తరబడి నిలుస్తాయి. పడవ నడపడానికి కడెం జలాశయం జైనూర్ అడవులకు దూరమేమీ కాదు. తిరగబడ్డా పడవ మునగకుండా లోపల గాలి సంచులు కట్టాలి, ఎక్కే పిల్లలందరికీ లైఫ్ జాకెట్ తొడగాలి. ఆ రెండూ ఉన్నాకే నీళ్ళలోకి దించాలి.