అన్నాన్ని పెంచడమూ వ్రతమే

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లిలో ఒక తండ్రి, ఒక కుమారుడు దర్శనమిస్తారు. తండ్రి వరుణుడు, కుమారుడు భృగువు. బ్రహ్మమును గురించి బోధించమని అర్థించిన కుమారుణ్ణి తపస్సు చేయమని తండ్రి ఆదేశిస్తాడు. తపస్సు చేసిన ఆ యువకుడు మొట్టమొదట గ్రహించినది అన్నమే బ్రహ్మమని. అతని అన్వేషణ ప్రాణము, మనస్సు, విజ్ఞానము దాటి ఆనందం వరకూ సాగినా, ఉపనిషత్తు అన్నాన్ని విడిచిపెట్టలేదు. మళ్ళీ దాని వద్దకే వచ్చి మానవులకు కొన్ని వ్రతాలను విధించింది. అన్నాన్ని నిందించరాదు. అన్నాన్ని తిరస్కరించరాదు. అన్నాన్ని సమృద్ధిగా పెంచాలి. ఆశ్రయం కోరి వచ్చినవారిని కాదనరాదు.

మొదటి రెండింటినీ, చివరిదానినీ మేము ప్రవచనాలలో తరచుగా చెబుతూనే ఉంటాము. మూడవదానిని మాత్రం రైతుకు అప్పగించి ఊరుకున్నాము. అందువలన ఎంత లోటు జరుగుతున్నదో నాకు తెలియజెప్పినది ఏ గ్రంథమూ కాదు, మాణికేశ్వర్ నగర్‌కు చెందిన ఒక తల్లి.

ఒక తల్లి అడిగిన మాట

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న ఈ బస్తీని వడ్డెర బస్తీ అని కూడా పిలుస్తారు. వడ్డెరల కులవృత్తి రాతిపని. ఒక కార్తీక సోమవారం మా ఆలయంలో అన్నదానం జరిగింది. పులిహోర, పప్పు, చారు, మజ్జిగ. దాతల గోత్రనామాలు మైకులో చదివి, అందరూ తృప్తిగా భుజించారని నేను సంతోషిస్తున్న సమయంలో ఒక తల్లి దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, కడుపునిండా పెట్టిండ్రు. పిల్లలకు జర ఆకుకూర గూడ ఉంటే మంచిగుంటది. కొందామంటే రోజూ యాడ కొంటం?" అన్నది.

ఆ మాట ఫిర్యాదు కాదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆకలిని అన్నంతో తీర్చాము కాని, బిడ్డ దేహానికి ఏమి కావాలో విచారించలేదు.

విశేషమేమంటే, ఆ విచారణ చేసే సంస్థ మా ఇరుగుపొరుగునే, తార్నాకలోనే ఉన్నది. 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ అది. 2024లో ఆ సంస్థ వెలువరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 క్యాలరీల ఆహారం తీసుకునేవారి పళ్ళెంలో ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఆరు నెలలు మొదలు ఐదేళ్ళ లోపు పిల్లలలో నూటికి 70 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. బియ్యం మాత్రమే పంచితే తీరే లోటు కాదిది.

నిర్మాల్యం ఎరువైనది

సోమవారాలు దర్శనానికి వచ్చే నలుగురైదుగురు విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఈ సంగతి చెప్పాను. అందరూ పల్లెల నుండి వచ్చిన రైతుబిడ్డలే. వారు చందా పుస్తకం వేయలేదు. ఆలయం వెనుక ఖాళీగా ఉన్న నాలుగు గజాల జాగా అడిగారు. బస్తీ పిల్లలను కూడా పిలుచుకున్నారు. పాత సిమెంటు సంచులలో మట్టి నింపారు.

స్వామికి అలంకరించి తీసిన నిర్మాల్యాన్ని ఎవరి కాలికీ తగలని చోట వేయాలన్నది ఆచారం. ఆ పిల్లలు పూలనుండి దారాలనూ ప్లాస్టిక్‌నూ వేరుచేసి, ఎండుటాకులూ పేడా కలిపి గుంతలో మాగబెట్టారు. రెండు మూడు నెలలలో అది నల్లని ఎరువుగా మారింది. బియ్యం కడిగిన నీరు మొక్కలకు మళ్ళింది. మెంతికూర మూడు వారాలకు, తోటకూర నెల రోజులకు కోతకు వచ్చాయి. గోంగూరను కోసినకొద్దీ మళ్ళీ చిగురించింది. ఆకుకూరతో కూడిన భోజనంపై నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము శరీరానికి బాగా అందుతుందని కూడా ఆ విద్యార్థులే తల్లులకు చెప్పారు.

మొదటి కోతనాడు నేను అలవాటు చొప్పున దాతల పేర్లు అడిగాను. ఒక బస్తీ బాలిక తోటకూర కట్ట చేతబట్టుకొని, "పేరెందుకు అయ్యగారూ? అందరం నీళ్ళు పోసినం" అన్నది. ఆ కట్టను తన వీధిలో ఒంటరిగా ఉంటున్న అవ్వకు ఇచ్చి వచ్చింది. అప్పటివరకు ఆ బిడ్డను నేను అన్నం పుచ్చుకునేవారి వరుసలోనే చూశాను. ఆనాటినుండి ఆమె నా దృష్టిలో అన్నదాత.

పూర్వులు చూపిన బాట

ఇది మన జాతికి కొత్త ధర్మమేమీ కాదు. కోనసీమలోని లంకలగన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళకాని వేళ వచ్చిన బాటసారులకు కూడా అన్నం పెట్టి అపర అన్నపూర్ణగా కీర్తి గడించారు. ఆ అన్నపు రాశి వెనుక భర్త జోగన్నగారి సేద్యం ఉన్నది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆ తల్లి పేరు పెట్టింది.

జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని నిరుపేద మహిళలు బీడు భూములను సాగులోకి తెచ్చి, పండిన జొన్నలలో కొంత భాగాన్ని గ్రామ ధాన్యనిధిలో చేర్చి, తమకంటె పేదవారికి చౌకగా అందించారు. అక్కడికి సమీపంలోని మాచనూరులో 1993లో ఆరంభమైన పచ్చసాలెలో బాలబాలికలు అక్షరాలతోపాటు సేద్యమూ నేర్చుకున్నారు.

సముద్రాల కావల కూడా ఇదే ధర్మం కనిపిస్తుంది. 2008లో అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రంలో కేటీ స్టాగ్లియానో అనే తొమ్మిదేళ్ళ బాలిక బడిలో ఇచ్చిన క్యాబేజీ నారును ఇంటివద్ద పెంచింది. అది సుమారు 18 కిలోల బరువు తూగింది. పేదలకు భోజనం పెట్టే వంటశాలకు ఆమె దానిని సమర్పించగా, 275 మందికి భోజనంలో వడ్డించారు. ఆ బాలిక స్ఫూర్తితో అనేక రాష్ట్రాలలో పిల్లలు తోటలు వేసి పంటను దానం చేస్తున్నారు.

వారాల పిల్లవాడి కృతజ్ఞత

నా బాల్యం ఇక్కడ చెప్పక తప్పదు. వేదపాఠశాలలో చదివే రోజులలో వారాలు చేసుకొని భుజించాను. వారంలో ఏడు రోజులకు ఏడు ఇళ్ళు. అందరూ ఆదరించినవారే. అయినా గడప ముందు నిలిచి పిలుపుకోసం ఎదురుచూసిన ఆ క్షణంలో తల వంగిపోయేది. ఒక ఏడాది మా తోటి విద్యార్థులందరం కాలువ గట్టున బచ్చలి, ఆనప పాదులు పెట్టాము. వారం ఇంటికి వెళ్ళేటప్పుడు ఒక ఆనపకాయ చేతబట్టుకొని వెళ్ళాను. ఆ ఇల్లాలు నవ్వుతూ అందుకొని, "ఈ పూట నీ కాయే వండుతాను నాయనా" అన్నది. ఆనాడు తిన్న అన్నం రుచి నాకు నేటికీ జ్ఞాపకం. పుచ్చుకునే చేతికి ఇచ్చే అవకాశం కల్పించడం కూడా దానమే. బహుశా అదే గొప్ప దానం.

భృగువల్లి అన్నదాన ఫలాన్ని చెబుతూ ఒక సూక్ష్మం పలికింది. ఎవరు ఏ వయస్సులో, ఎటువంటి ఆదరంతో అన్నం పెడతారో, వారికి ఆ వయస్సులోనే, అటువంటి ఆదరంతోనే అన్నం సమకూరుతుందని శంకర భగవత్పాదులు భాష్యంలో వివరించారు. అందులో మొదట చెప్పబడినది తొలి వయస్సు. దానధర్మాలు ముసలితనంలో చేయవలసినవని భావించే మనకు ఇది హెచ్చరిక. యువకులకు ఇది ఆహ్వానం.

చదువరులలో ఇంటి మేడమీద నాలుగు కుండీలకు చోటు ఉన్నవారు ఎందరో ఉంటారు. ఈ ఆదివారం మీ పిల్లల చేత గుప్పెడు తోటకూర విత్తనాలు చల్లించండి. నెల తిరిగేసరికి మొదటి కట్టను, ఆకుకూర కొనలేని ఒక ఇంటికి వారి చేతులతోనే ఇప్పించండి. ఉపనిషత్తు విధించిన మూడవ వ్రతానికి అదే సంకల్పం.