చీర పోయె.. పైసలూ పోయె! ఆన్‌లైన్ సెల్లర్లకు ఛార్జ్‌బ్యాక్ దెబ్బ.. ఎలా తట్టుకోవాలి?

గద్వాల పట్టు, నారాయణపేట జరీ అంచు, పోచంపల్లి ఇక్కత్, పుట్టపాక తేలియా రుమాల్.. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల మగ్గాల మీద తయారయ్యే ఈ బట్టలకు ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, సొంత వెబ్‌సైట్లే పెద్ద దుకాణాలు. ఆర్డర్ అమెరికా నుంచి వస్తుంది. పేమెంట్ కార్డు మీద పడుతుంది. చీర కొరియర్‌లో వెళ్లిపోతుంది. రెండు నెలలు గడిచాక పేమెంట్ గేట్‌వే నుంచి ఓ మెయిల్ వస్తుంది. ఆ పేమెంట్ తాను చేయలేదని కార్డు ఓనర్ బ్యాంకుకు ఫిర్యాదు చేశారని, డబ్బు వెనక్కి తీసుకుంటున్నామని దాని సారాంశం.

దీన్నే ఛార్జ్‌బ్యాక్ అంటారు. పెద్ద కంపెనీకి ఇది ఖర్చుల్లో ఓ లైన్. కానీ నూలు, పట్టు, జరీ అప్పు తెచ్చి, రోజుల తరబడి కూలి కట్టి నేయించిన చిన్న సెల్లర్‌కు ఒక్క చీర పోయిందంటే నాలుగైదు చీరల లాభం పోయినట్టే. పైగా కొన్ని గేట్‌వేలు దీనికి విడిగా ఫీజు కూడా కట్ చేస్తాయి.

అసలు ఏం జరుగుతుంది?

కార్డు పోయినా, నంబర్ దొంగల చేతిలో పడినా కస్టమర్ నష్టపోకుండా రూల్స్ ఉన్నాయి. మన దేశంలో ఆర్బీఐ 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం.. బయటివాళ్ల మోసం వల్ల డబ్బు పోతే, 3 పని దినాల్లో బ్యాంకుకు చెప్పిన కస్టమర్‌పై పైసా భారం పడదు. ఫిర్యాదు అందిన 10 పని దినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని ఖాతాలో జమ చేయాలి. మరి ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలి? కార్డు నెట్‌వర్క్ రూల్స్ ఒప్పుకుంటే బ్యాంకు దాన్ని సెల్లర్ దగ్గర నుంచి రాబడుతుంది.

వీసా, మాస్టర్‌కార్డ్ రూల్స్‌లో ఇలాంటి మోసం ఫిర్యాదుకు సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది. అంటే ఉగాదికి అమ్మిన చీర మీద ఆషాఢంలో కూడా ఫిర్యాదు రావచ్చు. అందుకే డబ్బు అకౌంట్లో పడగానే పని అయిపోయింది అనుకోవడానికి లేదు.

ఓటీపీ ఉంటే ఒక లెక్క.. లేకుంటే ఇంకో లెక్క

ఇక్కడే అసలు కిటుకు ఉంది. మన దేశంలో ఆన్‌లైన్ కార్డు పేమెంట్లకు 2009 ఆగస్టు నుంచి అదనపు ధ్రువీకరణ తప్పనిసరి. ఓటీపీ కొట్టి చేసిన పేమెంట్‌పై 'నేను చేయలేదు' అని ఫిర్యాదు వస్తే, కార్డు నెట్‌వర్క్ రూల్స్ ప్రకారం ఆ భారం సాధారణంగా కార్డు ఇచ్చిన బ్యాంకు మీదకు పోతుంది. సెల్లర్ సేఫ్.

విదేశీ కార్డుల విషయం వేరు. అమెరికా కార్డుతో చాలాసార్లు నంబర్, ఎక్స్‌పైరీ, సీవీవీ ఉంటే చాలు.. ఓటీపీ లేకుండానే పేమెంట్ అయిపోతుంది. అప్పుడు మోసం జరిగితే నష్టం సెల్లర్‌దే. కాబట్టి విదేశీ ఆర్డర్లు తీసుకునే ప్రతి సెల్లర్ గేట్‌వేను ఒక్క ప్రశ్న అడగాలి: 'ఇంటర్నేషనల్ కార్డులకు త్రీడీ సెక్యూర్ ఆన్ చేశారా?' లేదంటే వెంటనే ఆన్ చేయించుకోవాలి. కొన్ని ఆర్డర్లు మధ్యలో ఆగిపోవచ్చు. అయినా దొంగ కార్డుకు చీర పంపడం కన్నా అదే నయం.

మెయిల్ వచ్చింది.. ఇప్పుడేం చేయాలి?

ముందుగా గడువు చూడాలి. నెట్‌వర్క్ ఇచ్చే సమయంలో బ్యాంకు, గేట్‌వే వాటా పోగా సెల్లర్ చేతిలో మిగిలేది చాలాసార్లు వారం, పది రోజులే. జవాబు ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టే లెక్క.

తర్వాత కారణం కోడ్ చూడాలి. వీసాలో 10.4, మాస్టర్‌కార్డ్‌లో 4837 అని ఉంటే అది 'నేను చేయలేదు' అనే ఫిర్యాదు. వస్తువు రాలేదనో, బాగాలేదనో వచ్చే ఫిర్యాదుకు ఇచ్చే జవాబు దీనికి పనికిరాదు. కొరియర్ రసీదు ఒక్కటే పెడితే సరిపోదు. ఎందుకంటే చీర అందిందా లేదా అన్నది ఇక్కడ గొడవ కాదు.. ఆర్డర్ పెట్టింది కార్డు ఓనరేనా అన్నదే గొడవ.

జవాబులో ఇవి ఉండాలి:

- త్రీడీ సెక్యూర్ లేదా ఓటీపీ పూర్తయినట్టు గేట్‌వే రికార్డు
- ఇన్‌వాయిస్, ఆర్డర్ తేదీ, టైమ్, ఐపీ అడ్రస్
- కస్టమర్ పేరు, ఫోన్, మెయిల్, వాట్సాప్ చాట్ స్క్రీన్‌షాట్లు
- సంతకంతో డెలివరీ అయినట్టు కొరియర్ ప్రూఫ్
- అదే కస్టమర్ గతంలో కొన్న బిల్లులు

చివరిది చాలామంది వదిలేస్తారు. వీసాలో 2023 ఏప్రిల్ నుంచి ఓ రూల్ ఉంది. అదే కార్డుతో 120 నుంచి 365 రోజుల కిందట గొడవ లేకుండా జరిగిన రెండు కొనుగోళ్లు చూపించాలి. వాటిలో ఐపీ అడ్రస్ లేదా డివైస్ వివరం, దాంతోపాటు డెలివరీ అడ్రస్ లాంటి మరో వివరం ఇప్పటి ఆర్డర్‌తో కలవాలి. అలా కలిస్తే భారం సెల్లర్ మీద నుంచి తప్పుతుంది. పాత కస్టమర్ల రికార్డు దాచుకుంటే ఇదీ లాభం.

నిజంగానే దొంగ కార్డు అని తేలితే? పోట్లాడి లాభం లేదు. ఒప్పుకుని, పార్శిల్ ఇంకా దారిలో ఉంటే కొరియర్‌కు చెప్పి వెనక్కి రప్పించుకోవడమే మేలు. కేసు ఆర్బిట్రేషన్ దాకా వెళ్తే ఓడినవాళ్లు వందల డాలర్ల ఫీజు కట్టాల్సి రావచ్చు.

రెండుసార్లు డబ్బు ఇవ్వొద్దు

ఛార్జ్‌బ్యాక్ వచ్చాక కంగారులో కస్టమర్‌కు విడిగా రీఫండ్ చేయొద్దు. బ్యాంకూ తీసుకుంటుంది, సెల్లరూ ఇచ్చేస్తాడు.. డబుల్ దెబ్బ. అలాగే 'ఆ కార్డు బ్లాక్ అయింది, వేరే యూపీఐకి రీఫండ్ పంపండి' అని అడిగితే అనుమానించాల్సిందే. డబ్బు ఏ దారిలో వచ్చిందో ఆ దారిలోనే వెనక్కి పంపాలి.

యూపీఐలో వేరే చిక్కు

యూపీఐ పేమెంట్‌కు పిన్ కొట్టాలి కాబట్టి కార్డుల్లోలాగా 'నేను చేయలేదు' అని గెలవడం కష్టం. కానీ ఎక్కడో ఎవరినో మోసం చేసిన డబ్బుతో చీర కొంటే? బాధితుడు 1930కి ఫోన్ చేస్తే డబ్బు వెళ్లిన దారి పట్టుకుని వచ్చి బ్యాంకులు ఆ మొత్తాన్ని ఆపేస్తాయి. ఒక్కోసారి మొత్తం అకౌంట్ ఫ్రీజ్ అవుతుంది. నేతన్నకు కూలి ఇవ్వడానికి కూడా డబ్బు తీయలేని పరిస్థితి.

ఇలాంటప్పుడు బ్యాంకు నుంచి మూడు వివరాలు రాతపూర్వకంగా తీసుకోవాలి: ఫిర్యాదు నంబర్, ఏ రాష్ట్రం ఏ పోలీస్ స్టేషన్, ఎంత మొత్తం. తర్వాత ఇన్‌వాయిస్, కొరియర్ రసీదు, చాట్ జత చేసి ఆ స్టేషన్‌కు, బ్యాంకుకు మెయిల్ పెట్టాలి. గొడవలో ఉన్న మొత్తాన్నే ఆపి, మిగతా అకౌంట్ తెరవమని అడగొచ్చు. 2023లో కేరళ హైకోర్టు కూడా ఇలాంటి కేసుల్లో ఇదే దారి చూపింది. పోలీసుల నుంచి స్పందన లేకుంటే బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 503 కింద మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లొచ్చు. డబ్బిస్తే అకౌంట్ తెరిపిస్తామనే దళారులను మాత్రం నమ్మొద్దు.

ముందే ఇవి చూసుకోండి

- కార్డు స్టేట్‌మెంట్‌లో కనిపించే పేరు, మీ షాపు పేరు ఒకటే ఉండాలి. పేజీకి ఒక పేరు, అకౌంట్‌కు ఇంకో పేరు ఉంటే నిజమైన కస్టమరే గుర్తుపట్టక ఫిర్యాదు చేస్తారు.
- కొత్త కస్టమర్, పెద్ద ఆర్డర్, అర్జెంట్ డెలివరీ.. మూడూ కలిస్తే వీడియో కాల్ చేసి మాట్లాడాకే పంపండి.
- ఒకే ఆర్డర్‌కు వరుసగా రెండు మూడు కార్డులు ఫెయిలైతే పార్శిల్ ఆపండి.
- పేమెంట్ అయ్యాక అడ్రస్ మార్చమంటే ఆర్డర్ క్యాన్సిల్ చేసి, కొత్తగా పెట్టమనండి.
- ప్రతి ఆర్డర్ రికార్డును కనీసం ఏడాది దాచండి.

కస్టమర్‌ను అనుమానించడానికి కాదు ఈ జాగ్రత్తలు. చీర పంపే ముందు ఓ పది నిమిషాలు చెక్ చేసుకుంటే, మగ్గం మీద పడ్డ కష్టానికి వచ్చిన డబ్బు అకౌంట్లోనే నిలుస్తుంది.