ఓటు లేని ఓటర్లు

“రాష్ట్రపతికి మనమెందుకు ఓటు వెయ్యం?” అని మా అమ్మాయి అడిగేసరికి 1969 ఆగస్టు జ్ఞాపకం వచ్చింది.

ఆ ఏడు పోటీలో ముఖ్యులు ముగ్గురైతే, ఇద్దరు తెలుగువారే: నీలం సంజీవరెడ్డిగారు, వి.వి. గిరిగారు. మా మామయ్యది రెడ్డిగారి పక్షం, నాన్నగారిది గిరిగారి పక్షం. రేడియో ముందు ఇంత వాదించుకున్న వాళ్ళలో ఒక్కరికీ ఓటు లేదు సుమా! ఆ హక్కు పార్లమెంటుకూ శాసనసభలకూ ఎన్నికైన సభ్యులదే. నామినేటెడ్ సభ్యులకు సైతం లేదు.

శాసనసభ్యుడి ఓటు ఒక్క ఓటు కాదు. రాష్ట్ర జనాభాను ఎన్నికయ్యే సభ్యుల సంఖ్యతోనూ, వచ్చినదానిని వెయ్యితోనూ భాగిస్తే దాని విలువ తేలుతుంది. 1971 జనాభాను బట్టి 2022లో ఆంధ్రప్రదేశ్ సభ్యుడి ఓటుకు 159, తెలంగాణ సభ్యుడి ఓటుకు 132. పాపం, సిక్కిం సభ్యుడికి ఏడే!

అభ్యర్థులకు ఒకటి, రెండు అని వరుస కూడా వేయవచ్చు. 1969లో కథ తిరిగింది అక్కడే. రెడ్డిగారు కాంగ్రెసు అభ్యర్థి. అయినా ప్రధాని ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమన్నారు. గెలవడానికి 4,18,169 కావాలి. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515 మాత్రమే వచ్చాయి. వెనకబడ్డవారి ఓట్లలోని తర్వాతి ఎంపికలు కలిపేసరికి గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427.

ఆ పూట మామయ్య మా ఇంట భోజనం చేయకుండానే వెళ్ళిపోయాడు. 1977లో రెడ్డిగారు పోటీ లేకుండా రాష్ట్రపతి అయిన రోజున మిఠాయి పొట్లంతో వచ్చాడు.