దూర ప్రయాణానికి పాత కారు

కొత్త కారు కొనేవారికి డబ్బుంటే చాలు. పాత కారు కొనేవారికి డబ్బుతోబాటు ఓపిక కూడా వుండాలి. మాబోటి మేష్టర్లకు మొదటిది తక్కువ గనుక రెండవదాన్ని నమ్ముకుని, నిరుడు మూడు నెలలపాటు హనుమకొండ, వరంగల్లు, కాజీపేటలలో అమ్మకానికి వచ్చిన కార్లు చాలా చూశాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఇంజన్ల సంగతి ఏం తెలుసునని మీరు అనుకోవచ్చు. మంచి మెకానిక్కు పక్కన నుంచుని వింటే సగం చదువు వస్తుంది. అడగగా అడగగా మిగతా సగమూ వస్తుంది. అలా తెలిసిన నాలుగు ముక్కలూ మీతో చెబుదామని ఈ ప్రయత్నం.

ముందు మా అవసరం చెప్పాలి. మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. తుంటి ఎముకకు ఆపరేషను అయిన తర్వాత నెలకొకసారి హైదరాబాదు తీసుకువెళ్లి డాక్టరుకు చూపించాలి. పోను దాదాపు 150 కిలోమీటర్లు, రాను మళ్లీ అంత. బస్సు మెట్లు ఆమె ఎక్కలేదు. రైలు ఎక్కిద్దామంటే ప్లాట్‌ఫారం మీద నడక వుంది. నెలనెలా బాడుగ కారంటే జీతానికి చిల్లు. చివరికి అమ్మాయి పైచదువుకని దాచిన సొమ్ములోంచి ఆరున్నర లక్షలు తీద్దామని ఇంట్లో తీర్మానం జరిగింది. ఆ డబ్బు మరోసారి పోగుపడదు. అంచేత ప్రతి బండినీ పదిసార్లు చూడక తప్పలేదు.

వెనకటి రోజుల్లో ఇంత చిక్కు లేదు. అంబాసిడరు, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్ - ఎంచుకోవడానికి వున్నవే మూడు. వాటికీ ఏళ్ల తరబడి కాచుకోవాలి. ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివరి నుంచి 2014 దాకా తయారుచేసిన అంబాసిడరును ఇప్పటికీ పెద్దవాళ్లు తలుచుకుంటారంటే, దాని సోకు చూసి కాదు. సోఫాలాంటి సీటు, కాళ్లు చాపుకోవడానికి చోటు, తల వంచకుండా ఎక్కేటంత ఎత్తు తలుపు. 1983లో మారుతి 800 వచ్చి మధ్యతరగతివారికి కారు యోగం పట్టించింది గాని, వెనక సీటులో మోకాళ్లు ముడుచుకోవలసి వచ్చింది.

ఈ తేడాకు ఒక లెక్క వుంది. ముందు చక్రం నడిమికీ వెనక చక్రం నడిమికీ మధ్య దూరాన్ని వీల్‌బేస్ అంటారు. అది పొడుగైనకొద్దీ గతుకుల మీద బండి ఉయ్యాలలాగా ముందుకూ వెనక్కూ వూగడం తగ్గుతుంది, లోపల చోటూ పెరుగుతుంది. మారుతి 800కు అది 2175 మిల్లీమీటర్లు, అంబాసిడరుకు సుమారు 2460, 2014లో వచ్చిన సియాజ్‌కు 2650, ఎర్టిగాకు 2740, ఇన్నోవాకు 2750. అయితే ఏడు సీట్ల బండి అనగానే ఏడుగురికీ సుఖమని అనుకోకూడదు. ఆఖరి వరుస వెనక చక్రాల మీదనే వుంటుంది గనుక ప్రతి గతుకూ అక్కడ కూర్చున్నవారి నడుముకే తెలుస్తుంది. పెద్దవాళ్లను అక్కడ కూర్చోబెట్టడం భావ్యం కాదు.

సీటు మెత్తగా వుంటే చాలునని చాలామంది భ్రమ. బొత్తిగా మెత్తని సీటులో గంటసేపటికి నడుము కుంగిపోయి నొప్పి మొదలవుతుంది. తొడల కింద మోకాలి దగ్గర దాకా ఆసరా వుండాలి. నడుము వంపుకు ఆనిక వుండాలి. ఏసీ చల్లదనం వెనక సీటు దాకా రావాలి. ఇవి అయిదు నిమిషాలలో తెలిసేవి కావు. ఇంటిల్లిపాదీ ఎక్కి అరగంట కూర్చుంటే గాని బయటపడవు. కారును వీధులలో తిప్పి చూస్తే కూడా లాభం లేదు. కాజీపేట దాటి ఘన్‌పూర్ దాకా రహదారి మీద పోయి రావాలి. ఎనభై, తొంభై వేగంలో ఇంజను రొద పెడుతోందా, స్టీరింగు వణుకుతోందా, బ్రేకు తొక్కితే బండి పక్కకు లాగుతోందా అన్నది అక్కడే తేలుతుంది.

మాకు తెలిసిన షెడ్డు మేస్త్రీ ఒకాయన వున్నాడు. ఒకరోజు తళతళలాడే బండిని చూసి నేను ముచ్చటపడుతుంటే, "సార్, మెరుపు చూడకుండ్రి. సీటు బెల్టు మొత్తం బయటికి గుంజి చూడుండ్రి" అన్నాడు. గుంజాను. బెల్టు అడుగున బురద చార కనబడింది. అంటే ఆ కారు వరద నీళ్లలో మునిగిందన్నమాట! 2023 జూలైలో మన వరంగల్లులోనూ, 2024 సెప్టెంబరులో విజయవాడలోనూ వరదనీరు కాలనీలను ముంచెత్తింది. నీట మునిగిన కారును కడిగి, రంగు వేసి, అత్తరు చల్లవచ్చు. లోపలి వైర్లకు పట్టిన తుప్పును మాత్రం కడగలేరు. అది ఆర్నెల్లకో, ఏడాదికో, నట్టనడి రహదారి మీద బయటపడుతుంది. అందుకే సీట్ల కింద ఇనుపబద్దలు, డిక్కీలో స్పేరు చక్రం వుండే గుంట కూడా చూడమన్నాడు మేస్త్రీ.

నంబరు పలకకు కూడా నోరుంది. మన దగ్గర ఏపీ 36 అన్న పలక కనబడితే, అది 2014 జూన్‌కు ముందు రిజిస్టరైన వరంగల్లు బండి. టీఎస్ అంటే ఆ తర్వాతది. టీజీ అంటే 2024 మార్చి తర్వాతది. ఢిల్లీ పలకతో చవకగా వచ్చే డీజిలు కార్లున్నాయి. పదేళ్లు దాటిన డీజిలు బండ్ల మీద అక్కడ వచ్చిన ఆంక్షల వల్ల అవి దక్షిణాదికి తరలివచ్చాయి. వాటికి అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్సు కట్టాలి. ఆ లెక్కంతా కలుపుకుంటే చవక కాస్తా ఎగిరిపోతుంది. సొంత కారుకు 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషను పొడిగించుకోవాలన్నదీ గుర్తుంచుకోవాలి.

టైరు పక్కన నాలుగంకెల ముద్ర వుంటుంది. 3519 అని వుంటే 2019వ సంవత్సరం 35వ వారంలో తయారైనదని అర్థం. గాడులు లోతుగానే వున్నా, ఏళ్లు గడిచిన రబ్బరు ఎండాకాలపు రహదారి మీద పేలవచ్చు. మీటరు 40 వేలు చూపిస్తూ, బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగివుంటే, అబద్ధం ఎవరిదో చెప్పక్కరలేదు. సర్వీసు కాగితాలు అడగండి. ఇంజను చల్లగా వుండగానే స్టార్టు చేయించండి. ముందే వేడిచేసి పెట్టిన ఇంజను తన రోగాలు దాచుకుంటుంది. నీలిపొగ వస్తే ఆయిలు మండుతోందన్నమాట.

క్షేమం సంగతికి వస్తే, ఒక తేదీ జ్ఞాపకం పెట్టుకుంటే చాలు: 2019 జూలై. ఏబీఎస్ బ్రేకులు అదే ఏడాది ఏప్రిల్ నుంచీ, డ్రైవరు ఎయిర్‌బ్యాగు, వేగం 80 దాటితే హెచ్చరించే గంట జూలై నుంచీ కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయ్యాయి. ముందు సీటులో రెండవవారి ఎయిర్‌బ్యాగు 2022 నుంచి తయారైన కార్లన్నిటిలో వుంటుంది. అంతకుముందు బండ్లలో వుందో లేదో అడిగి చూసుకోవాలి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, కాసేపటికి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే లోపల ఏదో తీసేశారని అనుమానించాలి. వెనక సీటువారూ బెల్టు పెట్టుకోవాలని చట్టం వుంది. "వెనక కూర్చున్నవాళ్లకు ఎందుకండీ?" అని మా ఆవిడ అడిగితే, బండి గుద్దుకున్నప్పుడు వెనకవాళ్లు అదే వేగంతో ముందువాళ్ల మీద పడతారని చెప్పాను. మారుమాటాడక పెట్టుకుంది.

కాగితాలకు వద్దాం. ఆర్.సి. మీద బ్యాంకు అప్పు ఇంకా నమోదై వుంటే, తీరినట్లు రాయించుకున్నాకే డబ్బివ్వాలి. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు చేయించి, కొన్నవారు 30 రోజులలోగా పేరు మార్పించుకోవాలి. ఇన్సూరెన్సు మార్పుకు గడువు 14 రోజులు. పాత యజమాని నో క్లెయిం రాయితీ ఆయనతోనే పోతుంది, బండితో రాదు. ఒకప్పుడు టాక్సీగా తిరిగిన బండా అన్నది ఆర్.సి. చరిత్రలో తెలుస్తుంది. పెండింగు చలానాలు కూడా ముందే చూసుకోవాలి.

ఇన్ని పరీక్షలు నెగ్గి చివరికి మా ముందు రెండు బండ్లు మిగిలాయి. ఒకటి ఎత్తయిన పెద్ద బండి, చూస్తే దర్జా. రెండోది 2019 ఆఖరున తయారైన మామూలు పెట్రోలు సెడాను. నేను పెద్దదానివైపే మొగ్గాను. కాని అమ్మ సంగతి ఒకటి వుంది. ప్రయాణమంటే ముందురోజు సాయంత్రం నుంచే ఆమె మంచినీళ్లు మానేస్తుంది. ఎందుకమ్మా అంటే, "తొవ్వల యాడ దిగుతం బిడ్డా?" అంటుంది. దిగడం కష్టం, ఎక్కడం ఇంకా కష్టం, దిగినా శుభ్రమైన చోటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఆ వయస్సులో నీళ్లు తాగకుండా మూడు గంటల ప్రయాణం ఎంత ప్రమాదమో డాక్టరుగారు ముందే చెప్పారు. అంచేత రెండు బండ్లలోనూ అమ్మను మూడేసిసార్లు ఎక్కించి దింపాం. పెద్ద బండి ఎక్కాలంటే ఇద్దరం పట్టుకోవలసి వచ్చింది. సెడాను సీటు మా ఇంటి కుర్చీ ఎత్తుకు దగ్గరగా వుంది. తలుపు విశాలంగా తెరుచుకుంది. మూడోసారి ఆమె మా చెయ్యి విదిలించుకుని తనే దిగింది. బేరం అక్కడే తెగింది.

ఆరు లక్షలు కారుకు పోగా, మిగిలిన యాభై వేలలో నాలుగు టైర్లు, బ్యాటరీ మార్పించాం. పాత కారు కొనేవారెవరైనా ఇలా కొంత సొమ్ము అట్టేపెట్టుకోవడం మంచిది. ఉన్నదంతా బేరంలోనే పెట్టేస్తే మొదటి రిపేరుకే అప్పు చేయాలి.

యాదగిరిగుట్ట మీదుగా వెళ్లే నాలుగు వరసల రహదారి నున్నగా వుంటుంది. ఆ నునుపే నిద్ర తెస్తుంది. ఎదురు దారిలో వచ్చే ట్రాక్టర్లు ఆ నిద్ర వదిలిస్తాయి. అందుకని వేగం 80 దాటనివ్వం. జనగామ దగ్గర ఒకసారి, భువనగిరి దగ్గర ఒకసారి బండి తప్పకుండా ఆపుతాం. శుభ్రమైన చోట్లు రెండు చూసిపెట్టుకున్నాం. హైదరాబాదు చేరడం అరగంట ఆలస్యమవుతుంది గాని, అమ్మ ఇప్పుడు బయలుదేరే ముందు గ్లాసెడు మజ్జిగ తాగి, దారికని సీసా నిండా నీళ్లు పట్టుకుని ఎక్కుతోంది.