ఉన్నామండీ, బాగానే ఉన్నాం

నవంబరు వచ్చిందంటే కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుల ఇళ్లలో ఓ హడావుడి మొదలవుతుంది. తాము బతికే ఉన్నామని ఏడాదికోసారి రుజువు చూపించుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారులకూ ఏటా ఈ తతంగం తప్పదు. పూర్వం బ్యాంకుకో ట్రెజరీకో స్వయంగా వెళ్లి సంతకం పెట్టి రావలసి వచ్చేది. ఆ వంకతో పాత ఆఫీసు మిత్రులంతా ఒకచోట చేరేవారు. పని కాసేపే, కబుర్లు మాత్రం మధ్యాహ్నం దాకా. 2014 నవంబరులో ‘జీవన్ ప్రమాణ్’ వచ్చాక ఆధార్ నంబరు చెప్పి వేలిముద్ర వేస్తే చాలన్నారు.

తీరా వేలిముద్ర పడితేగా! వయసు పెరిగేకొద్దీ చర్మం పొడిబారి, బిగువు తగ్గి, వేలి గీతలు చదునవుతాయి. నాట్లు వేసిన చేతులు, అంట్లు తోమిన చేతులు అయితే మరీనూ. ‘‘ఇంకాస్త గట్టిగా నొక్కండి మామ్మగారూ’’ అని మీసేవ కుర్రాడు. ‘‘ఇంతకన్నా నొక్కితే నీ మిషనే విరుగుతుంది నాయనా’’ అని మామ్మగారు. బొటనవేలు కాకపోతే చూపుడువేలు, అదీ కాకపోతే తడిగుడ్డతో తుడిచి మళ్లీ బొటనవేలు. 2021 నవంబరులో ముఖం చూపించి రుజువు చేసుకునే వీలు వచ్చింది. ఇప్పుడు మనవడు ఫోను ఎదురుగా పట్టుకుని ‘‘తాతయ్యా, కళ్లు ఆర్పు’’ అంటాడు. తాతయ్య ఆర్పుతాడు. ఇంకో ఏడాది పింఛనుకు ఢోకా లేదు.

ఈ లెక్కల్లో ఒక తీపి సంగతి కూడా ఉంది. కేంద్ర పింఛనుదారులకు 80 ఏళ్లు నిండితే మూల పింఛను మీద 20 శాతం అదనంగా ఇస్తారు. ఆ అదనం ఐదేళ్లకోసారి పెరుగుతూ పోయి, 100 నిండాక మూల పింఛను అంతా అవుతుంది. అంటే సెంచరీ కొట్టినవారికి రెండింతలన్నమాట.

ప్రభుత్వానికి ఏడాదికోసారి చెబితే సరిపోతుంది గానీ, స్నేహితులకు రోజూ చెప్పాలి. గులాబీలు, సూర్యోదయం, వేంకటేశ్వరస్వామి... ఏదో ఒక బొమ్మ మీద ‘శుభోదయం’. మన దేశంలో ఫోన్ల జాగా నిండిపోవడానికి ఈ బొమ్మలూ ఒక కారణమని గూగుల్ వాళ్లు గమనించి, 2018లో వాటిని వెతికి తుడిచేసే సదుపాయాన్ని తమ యాప్‌లో పెట్టారు. పిల్లలు విసుక్కుంటారు. కానీ ఆ బొమ్మలు నిజానికి హాజరు పట్టీ. ఐదున్నరకల్లా బొమ్మ పంపే మేష్టారు ఎనిమిదైనా పంపకపోతే, వాకింగ్ బ్యాచ్‌లో ఎవరో ఒకరు ఫోన్ చేసేస్తారు. ‘‘ఏం మేష్టారూ, ఒంట్లో బాగాలేదా?’’ ‘‘అబ్బే, నెట్ అయిపోయిందయ్యా!’’ పిల్లలు డాలస్‌లోనో సిడ్నీలోనో ఉండగా విశాఖలోనో విజయవాడలోనో తామిద్దరే ఉంటున్న దంపతులకు ఈ పలకరింపు ఎంత ధైర్యమో విసుక్కునేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి.

అసలు ఆ బొమ్మలు అంత పెందలాడే ఎందుకొస్తాయి? వయసు మీదపడేకొద్దీ ఒంట్లోని గడియారం ముందుకు జరుగుతుంది. రాత్రి తొమ్మిదికే తూగు వస్తుంది, సీరియల్ సగంలో ఉండగానే గురక వినిపిస్తుంది, తెల్లవారుజామున నాలుగుకే మెలకువ వచ్చేస్తుంది. గాఢనిద్ర తగ్గడం వల్ల గిన్నె చప్పుడైనా లేస్తారు. పెద్దవాళ్లకు నిద్ర అక్కర్లేదనుకోవడం మాత్రం పొరపాటు. అరవై అయిదు దాటినా ఏడెనిమిది గంటలు కావాలి. కాబట్టి మధ్యాహ్నం పడక్కుర్చీలో తీసే చిన్న కునుకును ఎవరూ ఆక్షేపించనక్కర్లేదు.

పేర్ల సంగతి ఇంకా సరదా. ‘‘అదేనోయ్, గుంటూరులో మన ఎదురింట్లో ఉండేవాడు, వాళ్లావిడ వీణ వాయించేది, పెద్దవాడు రైల్వేలో చేరాడు...’’ మనిషి చరిత్రంతా వస్తుంది, పేరొక్కటే రాదు. ఎందుకంటే వీణ అనగానే తీగలు, కచేరీ, దసరా పందిరి అన్నీ మనసులో కదులుతాయి. పేరుకు అలాంటి ఆసరాలు తక్కువ. చుట్టూ ఉన్నవన్నీ అందినా అదొక్కటే జారిపోతుంది. అదే సమయంలో పదసంపద అరవైల్లోనూ పెరుగుతూనే ఉంటుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెబుతారు. ఆదివారం పత్రికలో గళ్ల నుడికట్టు ముందేసుకుంటే అమ్మమ్మతో మనవరాలు పోటీపడలేకపోవడానికి కారణం ఇదే. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవి మిగతా వాటికన్నా గట్టిగా నిలుస్తాయి కూడా. పొద్దున బీపీ మాత్ర వేసుకున్నదీ లేనిదీ చెప్పలేని తాతయ్య, 1957లో ‘మాయాబజార్’ ఏ హాల్లో చూశాడో, పక్కన ఎవరు కూర్చున్నారో చెప్పగలడు.

చెవుల్లో ముందుగా మందగించేది సన్నటి శబ్దాలే. అందుకే చంటివాడి మాటలు అందవు. పెద్దగా అరిచేకంటే ఎదురుగా నిలబడి నిదానంగా చెబితే మేలు. వాసన పట్టే శక్తి తగ్గడంతో ‘చారు చప్పగా ఉంది’ అనే ఫిర్యాదు మొదలవుతుంది. అక్కడ కోడలి తప్పేమీ లేదు. ఉప్పు పెంచకుండా కాస్త మిరియాల పొడి, నిమ్మరసం, కొత్తిమీర జోడిస్తే ఇద్దరికీ సమ్మతమే.

ఇవన్నీ ఉంటూనే కొందరు ఎంత హుషారుగా ఉంటారో చూడండి. ఫిజిక్స్ ప్రొఫెసర్ చిలుకూరి శాంతమ్మ 1929లో మచిలీపట్నంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేశాక, తొంభై దాటిన వయసులోనూ చేతికర్రల ఊతంతో విశాఖ నుంచి విజయనగరం వెళ్లి విద్యార్థులకు పాఠాలు చెప్పారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ బీడీలు చుట్టి, కూలికి వెళ్లి బతుకీడ్చిన మనిషి. మనవలున్న వయసులో ‘మై విలేజ్ షో’ వీడియోలతో రెండు రాష్ట్రాలనూ నవ్వించారు, అక్షరాలూ ఆ వయసులోనే కూడబలుక్కున్నారు. 2020లో బిగ్ బాస్ ఇంటికీ వెళ్లొచ్చారు. మాట్లాడే తీరు ఒక్క పిసరు కూడా మార్చుకోలేదు.

ఇక ఎనభై దాటిన ఇళ్లలో సహస్ర చంద్ర దర్శనం ముచ్చట ఉండనే ఉంది. పౌర్ణమికీ పౌర్ణమికీ మధ్య సుమారు 29.5 రోజులు. వెయ్యి పౌర్ణములకు దాదాపు 80 ఏళ్ల 10 నెలలు. లెక్క తేలికే, మొదలుపెట్టేది ఎక్కడినుంచి అన్నదే చిక్కు. ఆ తరంలో చాలామందికి రెండు పుట్టినరోజులు. బడిలో వేసేటప్పుడు మేష్టారు రాసుకున్న తేదీ ఒకటి, అమ్మ చెప్పిన తిథి మరొకటి. పింఛనుకు మొదటిది, పూజకు రెండోది. అమెరికా నుంచి సెలవు పెట్టుకుని రావలసిన కొడుకు ఏ తేదీకి టికెట్టు కొనాలని అడుగుతాడు. రెండింటికీ ఉండేలా రమ్మంటుంది అమ్మ.