తెరచాప పడవే పరిశోధన కేంద్రమైతే

ఈసారి ధ్రువాల దగ్గర జరిగే పరిశోధన గురించి మాట్లాడతానంటే, ఉదయగిరిలో ఒక పెద్దాయన నన్ను నిలబెట్టి అడిగాడు: "ఏంది సామీ, మనం మెట్టోళ్లం. వాన కోసం ఆకాశం వైపు చూసేవాళ్లం. ఆ మంచుతో మనకేం పని?" అని.

న్యాయమైన ప్రశ్నే. ఆత్మకూరు అవతల సోమశిలకి నీళ్లు రావాలన్నా, ఉదయగిరి చేలల్లో పైరు నిలవాలన్నా ఆ వాన సముద్రం మీంచే రావాలి కదా. మనం బొగ్గూ నూనే కాల్చి పోగుచేసిన అదనపు వేడిలో చాలా భాగాన్ని సముద్రాలే మింగుతున్నాయి. అందులో అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రం వాటా పెద్దది. అక్కడి లెక్క సరిగ్గా లేకపోతే రాబోయే రోజుల వాతావరణం అంచనా కూడా సరిగ్గా ఉండదు. కానీ చలికాలంలో అటు వెళ్లే ఓడలు బహు తక్కువ. అంటే అసలు కావాల్సిన కాలంలోనే కొలతలు ఉండవు.

వెళ్లినా ఎలా వెళ్తామన్నది ఇంకో చిక్కు. మన దుర్గం కొండ మీద పక్షుల్ని లెక్కపెట్టాలనుకోండి. జీపేసుకుని హారన్ కొట్టుకుంటూ పోతే ఏం మిగులుతుంది లెక్కపెట్టడానికి? ఒక సంచీ, ఒక నీళ్ల సీసా పట్టుకుని తెల్లారకముందే నడిచి వెళ్లి, చెట్టు కింద కదలకుండా కూర్చోవాలి. ధ్రువాల దగ్గరా అంతే. కాకపోతే అక్కడ జీపు బదులు వేల టన్నుల ఓడ ఉంటుంది.

ఆ ఓడ ఏం చేయగలదో 1989 జనవరిలో ప్రపంచం చూసింది. బహియా పరాయిసో అనే అర్జెంటీనా ఓడ, సరుకులూ పర్యాటకులతో వెళ్తూ, అంటార్కిటికాలో అమెరికా వాళ్ల పామర్ కేంద్రం దగ్గర రాళ్లకి కొట్టుకుంది. సుమారు 6 లక్షల లీటర్ల డీజిలు నీళ్లలో కలిసింది. పక్షులు, ఒడ్డునున్న చిన్నచిన్న నీటి ప్రాణులు చచ్చాయి. శాస్త్రవేత్తలు పెంగ్విన్లని అధ్యయనం చేస్తున్న చోటే ఇది జరిగింది! 2011 ఆగస్టు నుంచి అంటార్కిటికా నీళ్లలో చిక్కటి బరువు నూనె వాడకాన్ని నిషేధించారు. డీజిలు మాత్రం ఇప్పటికీ వాడుతున్నారు.

ఇక్కడే చిన్న తెరచాప పడవ అక్కరకొస్తుంది. గాలితో నడుస్తుంది కాబట్టి దారిలో నూనె ఖర్చు తక్కువ. ఇంజను ఆపేస్తే చప్పుడుండదు, తిమింగలాల కూతలు వినాలంటే అదే కావాలి. కొన్ని పడవలకి అడుగున నీళ్లలోకి దిగి ఉండే బరువైన రెక్కని పైకి లాక్కునే ఏర్పాటుంటుంది. అప్పుడు పెద్ద ఓడ రాలేని లోతు తక్కువ చోటికీ పోవచ్చు.

జెరోమ్ పాన్సే, సాలీ పాన్సే అనే దంపతులు డామియెన్ 2 అనే ఉక్కు పడవలో 1978లో అంటార్కిటికాలోనే చలికాలం గడిపారు. తర్వాత ఏళ్లకేళ్లు ఆ దీవుల్లో తిరుగుతూ సముద్రపు పక్షుల్ని లెక్కపెట్టారు. పిల్లల్ని కూడా పడవలోనే పెంచారు. ఉత్తరాన ఎరిక్ బ్రోసియే, ఫ్రాన్స్ పాన్సోన్ దంపతులదీ అలాంటి కథే. వాళ్ల వాగాబాండ్ పడవ పొడవు 50 అడుగులే. స్పిట్స్‌బెర్గెన్ తూర్పు తీరంలో వరసగా కొన్ని చలికాలాలు దాన్ని మంచులో గడ్డకట్టనిచ్చి, అందులోనే ఉండి సముద్రపు మంచు మందం కొలిచారు.

గడ్డకట్టే మంచు పడవని నలిపేయదా అంటారా? అడుగు గుండ్రంగా ఉంటే నలిపేయదు. తడిసిన మామిడి టెంకని వేళ్ల మధ్య నొక్కండి, పైకి జారిపోతుంది. పడవా అంతే, మంచు నొక్కేకొద్దీ పైకి లేస్తుంది. నార్వే వాడు నాన్సెన్ 1893లో ఫ్రామ్ ఓడని ఇలాగే కట్టించి ఆర్కిటిక్ మంచులో వదిలేశాడు. మంచుతోపాటు కొట్టుకుపోయి బయటపడటానికి సుమారు మూడేళ్లు పట్టింది. 2006లో తారా అనే 36 మీటర్ల తెరచాప ఓడ అదే పని చేస్తే 500 రోజుల చిల్లరలో బయటికొచ్చేసింది. బయల్దేరిన చోట్లు వేరు కాబట్టి రెండూ అచ్చంగా పోల్చలేం. కానీ మంచు పల్చబడి వేగంగా కదులుతోందని తారా మీదున్న పదిమంది కళ్లారా చూశారు.

మరి మన తెలుగువాళ్లు? ఉన్నారండీ. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వి తారిణి అనే 55 అడుగుల నేవీ పడవ ఆరుగురు మహిళలతో భూమిని చుట్టి రావడానికి బయల్దేరింది. వాళ్లలో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. 2018 జనవరిలో దక్షిణ అమెరికా కొసన హార్న్ అగ్రం దాటారు. అది 56 డిగ్రీల దక్షిణ అక్షాంశం, అంటార్కిటికాకి గుమ్మం లాంటిది. సాహసం సంగతి అన్ని పేపర్లూ రాశాయి. నాకు ముఖ్యమనిపించింది వేరే. దారంతా గాలి, అలల వివరాలు రాసి మన వాతావరణ శాఖకి అందించడం కూడా వాళ్ల పనుల్లో ఒకటి. సముద్రంలో కాలుష్యం కనిపిస్తే అదీ చెప్పాలి. మే 21న తిరిగొచ్చారు.

ఇంతా చెప్పి పడవుంటే చాలు అనను. మైళ్ల లోతు మంచుని తొలిచే యంత్రం అందులో పట్టదు. మైత్రి, భారతి లాంటి మన కేంద్రాలకి ఏడాది సరుకు మొయ్యడం దానివల్ల కాదు, దానికి ఓడే కావాలి. పడవలోనూ చలి కాచుకోవడానికి కొంత నూనె కాలుతుంది. ఎవరికైనా కడుపునొప్పి ముదిరితే డాక్టరు వందల మైళ్ల దూరంలో ఉంటాడు. అందుకే మనిషి లేని పడవలూ వచ్చాయి. 2019లో ఏడు మీటర్ల సెయిల్‌డ్రోన్ ఒకటి 196 రోజుల్లో అంటార్కిటికా చుట్టూ తిరిగొచ్చింది, నట్టనడి చలికాలంలో. సముద్రం ఎంత బొగ్గుపులుసు వాయువు పీలుస్తోందో, ఎంత వదులుతోందో కొలుస్తూ వచ్చింది. చలికాలంలో కొన్ని చోట్ల సముద్రం వాయువుని పీల్చే బదులు బయటికి వదులుతోందని ఆ కొలతల్లో కనిపించింది.

పెంగ్విన్ గూళ్ల లెక్కకి మాత్రం చాలా చోట్ల ఇంకా మనిషే దిగి చూడాల్సి వస్తోంది.